జగజ్జెట్టి యెదుట సేవకుడు

చదరంగము మన దేశముననే పుట్టినదని చెప్పుకొని సంతసించుట మనకు వాడుక. ఆ పుట్టినింటి ఆటగానికి ఏపాటి మన్నన దక్కినదో విచారించువారు మాత్రము అరుదు.

అవిభక్త పంజాబునందలి జమీందారు సర్ ఉమర్ హయత్ ఖానుగారి సేవకుడు మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో యజమానితో ఇంగ్లండు చేరెను. మన పద్ధతిలో బంటు తొలియెత్తున రెండు గడులు దాటదు. కోటకట్టు విధమును వేరు. ఆ పద్ధతిలో పెరిగిన యీతడు పాశ్చాత్యుల నిబంధనలు నేర్చి కొలదియేండ్లే అయినది.

1930-31 హేస్టింగ్సు పోటీలో ఎదుట కూర్చున్నవాడు కాపబ్లాంకా! 1921 మొదలు 1927 వఱకు జగజ్జెట్టి. 1916 నుండి 1924 వఱకు ఒక్క యాటయైనను ఓడనివాడు. కాగితముమీది బలమును బట్టి ఫలితము ముందే తెలిసినట్లుండెను. సేవకుడు తొందరపడలేదు. మెల్లమెల్లగా ప్రత్యర్థి మంత్రికి దారులన్నియు మూసెను. మంత్రి చిక్కెను. 65వ యెత్తున ఆట ముగిసెను, గెలిచినది సేవకుడు. ఇది అదృష్టమని తేల్చివేయుట మాకు సమ్మతము కాదు. 1929, 1932, 1933లలో బ్రిటిషు చాంపియనుగా నిలిచినవాడును ఇతడేకదా!

1933 చివర యజమానితో స్వదేశము చేరగా, పోటీల చదరంగము అంతటితో సరి. యజమాని యిష్టమే ఆతని ప్రతిభకు హద్దయ్యెననుటకు మేము సంకోచింపము. 1950లో అంతర్జాతీయ సంఘము గ్రాండుమాస్టరు బిరుదు లిచ్చినపుడు ఆతని పేరు లేదు. గౌరవ బిరుదు 2024లో వచ్చినది. అందుకొనవలసినవాడు 1966లోనే గతించియుండెను.