రక్తపింజరి విషమును, నెత్తురు నిలుపు మందులును



ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకును, కొల్లేటి చుట్టును గల వరిచేలలో కోతలు కోయువారికి రక్తపింజరి యనిన గుండె ఝల్లుమనును. అది కఱచినవానికి చిగుళ్లనుండి నెత్తురు కాఱును. వైద్యుడు వాని రక్తమును గాజుగొట్టములో 20 నిమిషము లుంచి, గడ్డకట్టినదా లేదా యని చూచును. ఇట్టి విషమే యొకప్పుడు నెత్తురు నిలుపు మందయ్యె ననిన నమ్ముదురా?

విశాఖపట్టణమున కొంతకాలము నివసించిన ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, కోరమాండల్ తీరపు పాములనుగూర్చి 1796 లో ప్రకటించిన గ్రంథమున, దీనిని 'కాటుక రేకుల పొడ' యని మన తెలుగుపేరుతోనే వర్ణించెను. నేడు లోకమంతయు ఈ పామును రస్సెల్ పేరనే పిలుచుచున్నది.

రక్తమున ఫైబ్రినోజను అను మాంసకృత్తు కరగియుండును. గాయమైనపుడు పదియవ కారకము మేల్కొని, త్రాంబిను పుట్టుటకు హేతువగును. త్రాంబిను ఫైబ్రినోజనును దారములుగా మార్చును. ఆ దారముల వలలో చిక్కి నెత్తురు గడ్డకట్టును. రక్తపింజరి విషము ఆ పదియవ కారకమును తిన్నగా మేల్కొల్పును. కాటువలన ఈ పని దేహమంతటను ఒక్కమాఱుగా జరిగి, ఫైబ్రినోజను వ్యయమైపోవును. చెఱువునీరంతయు నొక్కనాడే వదలిన ఆయకట్టునకు పిదప నీరు కఱవైనట్లే, పిమ్మట గడ్డకట్టుటకు సామగ్రి మిగులదు.

1934 లో లండనునందు మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనువారు ఈ విషమును మిక్కిలి పలుచన చేసి, హీమోఫిలియా రోగుల గాయములపై మాత్రమే అద్దిరి, నెత్తురు నిలిచెను. కావున విషమో ఔషధమో తేల్చునది మోతాదును, స్థానమునే.

అయినను నెత్తురు నిలుపుటయే చాలదు. పశువుల ఊపిరితిత్తులనుండి తీసిన అప్రోటినిను, గడ్డను కరగించు ప్లాస్మినును అడ్డగించును. గుండె శస్త్రచికిత్సలలో దానిని విరివిగా వాడిరి. కెనడాలో 2,331 మంది రోగులపై పరిశోధింపగా, అది అధిక రక్తస్రావమును తగ్గించినను, దానిని పొందినవారిలో నూటికి 6 గురు మరణించిరి. ఇతర మందులు పొందినవారిలో నూటికి సుమారు నలుగురే. అందుచే 2007 లో దాని విక్రయము నిలిచిపోయెను. 2012 లో ఐరోపాయందు పరిమితముగా మరల అనుమతించిరి.

దీనికంటె సురక్షితమైనదానికై వెదకుచు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అచ్చటి గోధుమవన్నె పాము విషమునందు టెక్స్టిలినిను అను మాంసకృత్తును కనుగొనిరి. అదియును ప్లాస్మినునే పట్టును. కాని పట్టినదానిని సులభముగా విడుచును. ఎలుకలలో రక్తస్రావమును తగ్గించినది. ఎలుకకు మేలైనది మనుష్యునకు మేలగునా యనునది వేఱు పరీక్ష. రోగి బ్రతికి యిల్లు చేరినపుడే మందు మంచిదని తేలును.

పాము కఱచినచో మాత్రము కోతలు, గట్టికట్లు, మంత్రములు మాని, కఱచిన అవయవమును కదలనీయక, వెంటనే ఆసుపత్రికి చేర్చి విషహర సీరము నిప్పింపుడు.