నీళ్లు రంగు మారగానే కేసు గెలిచినట్టేనా?

ఏసీబీ దాడి వార్త కనబడితే ‘నాలుగు రోజులాగితే మళ్లీ అదే కుర్చీలో కూర్చుంటాడులే’ అనేవాళ్లే ఎక్కువ. ఆ నిరాశకు కారణం లేకపోలేదు. కానీ దానితోపాటు కొన్ని అపోహలూ స్థిరపడిపోయి, ఫిర్యాదు చేయాల్సినవాళ్లను వెనక్కి లాగుతున్నాయి.

అపోహ: లంచం ఇవ్వడమూ నేరమే కాబట్టి, ఫిర్యాదు చేస్తే మనమే ఇరుక్కుంటాం.

2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక ఇవ్వడం కూడా నేరమైన మాట నిజమే. అయితే గత్యంతరం లేక ఇచ్చినవారు ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెబితే వారికది వర్తించదు. ఇవ్వకముందే చెప్పి, ఏసీబీ చెప్పినట్టు ఇస్తే అసలు భయమే అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1064కు ఫోన్ చేయొచ్చు.

అపోహ: డబ్బుతో దొరికిపోతే శిక్ష ఖాయం.

ఫిర్యాదుదారు చేత ఇప్పించేందుకు ఏసీబీ అధికారులు ముందే నంబర్లు రాసుకున్న నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి అద్దుతారు. వాటిని పట్టుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని సీసాల్లో పోసి, మధ్యవర్తుల ఎదుట సీలు వేస్తారు. టీవీలో కథ అక్కడితో అయిపోతుంది. కోర్టులో మాత్రం అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది: పట్టుబడిన అధికారి డబ్బు అడిగాడా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసొకటి చూడండి. రేషన్ డీలర్ దగ్గర 250 రూపాయలు తీసుకున్నారని ఒక మండల రెవెన్యూ అధికారిపై అభియోగం. విచారణలో ఫిర్యాదుదారే మాట మార్చాడు. డబ్బు దొరికితే చాలదు, అడిగినట్టు రుజువు కావాలంటూ 2014లో సుప్రీంకోర్టు ఆ అధికారిని నిర్దోషిగా తేల్చింది.

అపోహ: ఫిర్యాదుదారు ఎదురు తిరిగితే ఇక కేసు లేనట్టే.

ఇప్పుడలా కాదు. మిగతా సాక్షులను, పరిస్థితులను బట్టి కూడా లంచం అడిగినట్టు నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది.

అపోహ: అరెస్టయితే ఉద్యోగం ఊడినట్టే.

48 గంటలకు మించి కస్టడీలో ఉంటే పడేది సస్పెన్షనే. జీవనభృతి అందుతూనే ఉంటుంది. శిక్ష సంగతి తేలాల్సింది కోర్టులో; అక్కడ కేసు నడవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాన్ని మూడు నెలల్లో, మహా అయితే మరో నెలలో తేల్చాలని చట్టం చెబుతోంది. విచారణను రెండేళ్లలో ముగించేందుకు ప్రయత్నించాలనీ అంటోంది. ఏసీబీ ఎంత పకడ్బందీగా పట్టుకున్నా, అనుమతి ఫైలు ఆగితే కేసూ అక్కడే ఆగుతుంది. ఏడాది చివర దాడుల లెక్క చెప్పినట్టే, అనుమతి కోసం ఎన్ని కేసులు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నాయో ప్రభుత్వాలు శాఖలవారీగా బయటపెట్టాలి.