ఓవెన్ కడ్డీకి ఓమ్‌ల పరీక్ష

కేకు పైన ఎర్రగా కాలింది, అడుగు మాత్రం పచ్చిపిండి. ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్) వాడే ఇళ్లలో ఇలా జరిగితే పాళ్లు కుదరలేదని మళ్లీ పిండి కలుపుతారు. తప్పు కింది కడ్డీదేమో ముందు చూడాలి. నాబ్‌ను కింది కడ్డీ ఒక్కదానికే తిప్పి, కొన్ని నిమిషాలు గాజు తలుపులోంచి గమనించండి. ఎర్రబడక, వేడీ రాకపోతే అనుమానం బలపడినట్టే.

కడ్డీ అని మనం చూసేది పై తొడుగే. లోపల సన్నని తీగచుట్ట ఉంటుంది. చాలావాటిలో అది నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్‌కు పేటెంటు దక్కిన మిశ్రలోహం. తీగకూ తొడుగుకూ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. అది వేడిని బయటికి పంపుతుంది, కరెంటును పోనివ్వదు.

తీగ ఎందుకు తెగుతుంది? వేడికి దానిపై క్రోమియం ఆక్సైడ్ పొర కట్టి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. కాగి చల్లారే ప్రతిసారీ ఆ పొర కొంచెం పగిలి, మళ్లీ కడుతుంది. ఏదో ఒకచోట తీగ సన్నబడుతుంది. సన్నబడ్డచోట నిరోధం ఎక్కువ, కాబట్టి వేడీ అక్కడే ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ ఇంకా సన్నబడుతుంది. చివరికి అక్కడే తెగిపోతుంది.

దీన్ని మల్టీమీటరు నిమిషంలో పట్టేస్తుంది. స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్ పీకి ఓవెన్‌ను పూర్తిగా చల్లారనివ్వాలి. కడ్డీ ఒక కొసన వైరు విడదీయాలి, లేకుంటే మీటరు వేరే దారులను కూడా కలిపి కొలుస్తుంది. కడ్డీ మీద 230 వోల్టులు, 750 వాట్లు అని ఉందనుకోండి. 230ని 230తో గుణించి 750తో భాగిస్తే సుమారు 70 ఓమ్‌లు. మీటరు ఆ దరిదాపుల్లో చూపితే తీగ బాగున్నట్టే. అప్పుడు థర్మోస్టాట్‌నూ నాబ్ స్విచ్‌నూ వైర్ల కొసలనూ చూడాలి. అంకె అసలే రాకపోతే తీగ తెగింది. ఒకే వైపు రెండు కడ్డీలను సిరీస్‌లో కలిపిన ఓటీజీల్లో ఒకటి తెగితే రెండూ చల్లబడతాయి, అందుకే విడివిడిగా కొలవాలి.

చల్లని కడ్డీని కొలిచి, వేడి కడ్డీ సంగతి చెప్పడం సబబేనా? నైక్రోమ్ విషయంలో సబబే. ఎర్రగా కాగినా దాని నిరోధం పది శాతం లోపే పెరుగుతుంది. పాతకాలపు బల్బులోని టంగ్‌స్టన్ తీగకు ఇదే లెక్క వేస్తే తప్పుతుంది. వెలిగినప్పుడు దాని నిరోధం పది రెట్లు దాటుతుంది.

రెండో కొలతను చాలామంది వదిలేస్తారు. నాకు మొదటిదానికంటే ఇదే ముఖ్యం. కడ్డీ రెండు కొసల వైర్లూ విడదీసి, ఒక కొసకూ పై తొడుగుకూ మధ్య మీటరును ఎక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి చూడాలి. ఏ అంకే రాకూడదు. వచ్చిందంటే కరెంటు తొడుగులోకి పాకుతున్నట్టు. మెగ్నీషియం ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా మూలన పడి ఉన్న ఓవెన్ ఆన్ చేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోవడానికి ఇదొక కారణం. మల్టీమీటరు బ్యాటరీ చిన్నది, కొద్దిపాటి లీకేజీ దానికి అందకపోవచ్చు. ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చూపించండి.

తొడుగుకు కరెంటు పాకుతున్న కడ్డీతో ఒక్క రొట్టె కూడా కాల్చకండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గుతో ఓవెన్ అసలే వాడకండి. కొత్త కడ్డీ కొనడానికి వెళ్లేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి, పొడవు, వంపు, వాట్లు మూడూ సరిచూసుకోండి.