'నాన్న ఆటో నడుపుతారు' – ఈ మాట ఇంగ్లీషులో ఎలా రాయాలి?



పిట్టలవానిపాలెం నుంచి బాపట్ల, పొన్నూరు కాలేజీలకు వెళ్లే మన పిల్లలు స్కాలర్‌షిప్పుకో ఉద్యోగానికో ఇంగ్లీషులో దరఖాస్తు రాసేటప్పుడు ఒకచోట తరచుగా తడబడతారు. 'మా నాన్నగారు ఆటో నడుపుతారు' అని చెప్పాలి. ఒకరు 'మై ఫాదర్ విల్ డ్రైవ్' అని రాస్తారు. ఇకమీదట నడుపుతాడు, అంటే ఇప్పుడు సంపాదన లేదు అని చదివేవారు అనుకోవచ్చు. ఇంకొకరు 'ఈజ్ డ్రైవింగ్' అంటారు. అప్పుడు ఈ నిమిషంలో నడుపుతున్నాడనో, ప్రస్తుతానికి తాత్కాలికంగా నడుపుతున్నాడనో అర్థం వస్తుంది. రాయవలసింది 'మై ఫాదర్ డ్రైవ్స్ యాన్ ఆటో'. ఇదే సింపుల్ ప్రెజెంట్ టెన్స్. ఇంటి జీవనాధారం ఏమిటో చెప్పే వాక్యం ఇది. అందుకే ఈ చిన్న తప్పు చిన్నది కాదు.

పిల్లలు తెలివితక్కువై ఇలా రాయడం లేదు. తెలుగులో 'రోజూ బడికి వెళ్తాను', 'రేపు బడికి వెళ్తాను' అనే రెండింటికీ క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం రోజూ అయితే 'ఐ గో', రేపు అయితే 'ఐ విల్ గో'. రాసే ఉర్దూలోనూ ఈ తేడా ఉంది: రోజూ అయితే 'జాతా హూఁ', రేపు అయితే 'జాఊంగా'. ఇంట్లో ఉర్దూ నేర్చుకున్న పిల్లలకు ఇది చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు. తెలుగే ఇంటి భాష అయినవారికి బడిలో చదివిన 'తద్ధర్మార్థకం' గుర్తుచేయాలి. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' వంటి ఎప్పుడూ జరిగే సంగతి అది. ఇంగ్లీషులో 'ద సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్'. డెల్టాలో రైతులు వరి పండిస్తారు అనడానికి 'ఫార్మర్స్ గ్రో ప్యాడీ'. వాక్యంలో 'రోజూ' అనే మాట పెట్టి చూడండి. అర్థం కుదిరితే చాలావరకు సింపుల్ ప్రెజెంటే.

ఇక రెండో చిక్కు, చివర వచ్చే 'ఎస్'. తెలుగులో నేను, నువ్వు, అతడు, ఆమె, వారు అన్నవాటికి క్రియ మారుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో హీ, షీ, ఇట్ అన్నచోట మాత్రమే 'ఎస్' చేరుతుంది. మిగతావాటికి మార్పు లేదు. అయితే మన మర్యాద ఇక్కడ అడ్డుపడుతుంది. నాన్నగారు 'నడుపుతారు' అంటాం కాబట్టి పిల్లల మనసులో అది బహువచనమై 'మై ఫాదర్ డ్రైవ్' అని రాస్తారు. ఇంగ్లీషులో తండ్రి ఎంత పెద్దవారైనా లెక్కకు ఒక్కరే.

ప్రశ్నలో, కాదనే వాక్యంలో ఆ 'ఎస్' 'డస్'లోకి వెళ్లిపోతుంది: 'డస్ హీ డ్రైవ్?', 'హీ డస్ నాట్ డ్రైవ్'. రెండుచోట్లా 'ఎస్' పెట్టకూడదు.

మూడోది, 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్' వంటి వాక్యాలు. తెలుసు, కావాలి, ఇష్టం అనే మాటలకు తెలుగులోనూ మనం 'తున్నాను' చేర్చం. ఇంగ్లీషులోనూ అంతే: 'ఐ నో', 'ఐ వాంట్', 'ఐ హావ్ టూ సిస్టర్స్'.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకుంటే చాలు. బస్సు, రైలు వేళలకు రేపటి సంగతైనా ఇదే రూపం వాడవచ్చు: 'ద ట్రైన్ లీవ్స్ తెనాలి ఎట్ 6 టుమారో'.

మీరు ఇచ్చే ఫీజు పిల్లవాణ్ని కాలేజీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న చాలాసార్లు 'మీ గురించి చెప్పండి' అనే ఉంటుంది. ఆ జవాబులో సగానికి పైగా సింపుల్ ప్రెజెంటే. కాబట్టి ఈసారి సాయం కోసం పిల్లలు మీ దగ్గరకు వచ్చినప్పుడు ఒక పది నిమిషాలు కూర్చోబెట్టండి. నాన్న ఏం చేస్తారు, అమ్మ ఏం చేస్తుంది, తను ఎన్నింటికి లేస్తుంది, ఏం చదువుతుంది, ఏమంటే ఇష్టం అని అడిగి, ఐదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పించండి. తప్పు వస్తే నవ్వకండి, 'రోజూనా, రేపా?' అని అడగండి. సరైన మాట వాళ్లే చెబుతారు.