చెమట కారితే కొవ్వు కరిగినట్లేనా?

గత వేసవిలో జైపూరు విద్యుత్కేంద్రం సమీపాన నివసించే సింగరేణి ఉద్యోగి ఒకరు నా వద్దకు వచ్చారు. వయస్సు యాభై దాటింది. గనిలో దిగినన్నాళ్లూ సన్నగా ఉన్న దేహం, పైన కూర్చునే పని దొరికాక స్థూలించింది. మే నెల ఎండలో వానకోటు తొడుక్కుని రోజూ గంటసేపు వడివడిగా నడుస్తున్నారట. మూడు రోజుల క్రితం దారిలోనే కళ్లు తిరిగి పడిపోయారు.

“చెమట పడుతున్నది గదా అయ్యగారూ, కొవ్వు కరిగినట్లే గదా?” అన్నారు.

కాదు. చెమట అంటే నీరు, కొంత ఉప్పు. దేహాన్ని చల్లబరచడమే దాని పని. నడక తర్వాత కాటాపై తగ్గినట్లు కనిపించే బరువు, నీళ్లు త్రాగగానే తిరిగి వస్తుంది. ఖర్చయిన కొవ్వులో అధికభాగం బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరి ద్వారా వెలుపలికి పోతుంది. బొగ్గు నడుమ బ్రతికే మనకు ఇది సులభంగా బోధపడాలి! వానకోటు చెమటను ఆరనివ్వదు. మండుటెండలో అది ప్రాణాపాయం.

గ్రీష్మంలో వ్యాయామం విడువమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. చలికాలంలోనూ, వసంతంలోనూ సైతం బలంలో సగం మేరకే చేయమన్నాడు. ఊపిరి నోటికి రావడమే ఆ సగానికి గుర్తని సుశ్రుతుని మాట. గురుకులంలో బావి నీళ్లు మోయించి, మా గురువుగారు ఈ గుర్తును మాకు పట్టిచూపేవారు. కూర్చుని చేసే పనులు పెరిగిన ఈ కాలంలో వేసవి నడకను పూర్తిగా మానమని నేననను. సూర్యోదయానికి ముందే ముగించండి.

నడిచాం కనుక ఏమి తిన్నా చెల్లుతుందనుకోవడం మరొక భ్రమ. 60–70 కిలోల మనిషి అరగంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100–150 కెలోరీలు. కిలో కొవ్వులో ఉన్నవి దాదాపు 7,700. తిరుగుదారిలో రెండు మిరపకాయ బజ్జీలు, చక్కెర చాయ తీసుకుంటే లెక్క సరి. స్థూలులకు చరకుడు చెప్పిన ధాన్యాలలో జొన్నలు, కొర్రలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. ఇవన్నీ మన ప్రాంతపు వంటింటివే.

పొట్టను మాత్రమే కరిగించే వ్యాయామమంటూ లేదు. ఇరవై నిమిషాలు దాటితేనే కొవ్వు ఖర్చవుతుందన్నదీ నిజం కాదు, నిద్రలోనూ అవుతుంది. నడకతోపాటు వారానికి రెండుసార్లు గుంజీలవంటి కండబలం పెంచే పనులు అవసరం.

ఆయనకు నేను మందేమీ ఇవ్వలేదు. ముందుగా గుండె పరీక్షకు పంపాను. నడకలో ఛాతీ పట్టినట్లున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.