తాలింఖానాలో మొదట నేర్వవలసినది నాడులు

రామతీర్థమునకు బోడికొండయు, శ్రీరామాలయమును ఎంత ప్రసిద్ధి తెచ్చినవో, అదే నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ గ్రామమునకు బరువులెత్తు పోటీలు అంత ప్రసిద్ధి తెచ్చినవి. ఆ గ్రామమునకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతియందు 188 కిలోలెత్తి మూడవస్థానమున నిలిచినది. ప్రథమస్థానము పొందిన క్రీడాకారిణి నిషిద్ధౌషధ పరీక్షలో అనర్హురాలు కాగా, ఆమెకు రజతపతకము దక్కినది. అంతకు ముందే శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గైకొని, ఒలింపిక్ పతకమందిన ప్రథమ భారత మహిళయైనది.

వీరిని చూచి చుట్టుపట్ల గ్రామములవారు తమ యూరను తాలింఖానా నెలకొల్పగోరుట సహజము. అట్టి ప్రతిపాదన పంచాయతీ ముందుకు వచ్చినపుడు, ఎన్ని కిలోల ఇనుము కొనవలెనను చర్చయే మొదట సాగును. అంతకంటె ముందు తెలిసికొనవలసిన విషయమొకటి కలదు.

కండ తనంతట తాను కదలదు. మెదడునుండి వెడలిన ఆజ్ఞ వెన్నుపాములోని నాడీకణములకు చేరును. ఒక్కొక్క కణము తన అధీనమందున్న కండరతంతువులన్నిటిని ఒక్కమారుగా ముడుచుకొనజేయును. కంటిని త్రిప్పు కండరములలో ఒక కణము క్రింద సుమారు పది తంతువులుండగా, పిక్కలో వేయికి పైగా ఉండును. సాధనలేని వానికి కండ యున్నను, ఈ తంతుసమూహములన్నియు ఏకకాలమున పనికి రావు. ముడుచుకొను కండరమునకు ఎదుటి కండరము అడ్డుపడుటయు కలదు. రథము లాగువేళ సగముమంది త్రాడు పట్టక, పట్టినవారిలో కొందరు వెనుకకు లాగిన ఎట్లుండునో అట్లే యుండును.

సాధన మొదలిడిన తొలివారములలో, కండ కంటికి కనబడునంత పెరుగకమునుపే ఎత్తుబరువు పెరుగుటకు హేతువిదియే. ఎక్కువ తంతుసమూహములు కూడివచ్చును, ఆజ్ఞలు వడివడిగా వెళ్లును, అడ్డుపాటు తగ్గును. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఒక చేతికి మాత్రమే సాధన చేయింపగా రెండవ చేతి బలము కూడ పెరిగినది. రెండవ చేయి శ్రమపడలేదు, నేర్చినది నాడీమండలము. చేతికి కట్టుకట్టిన పిల్లవానిచే, వైద్యుని సలహాపై, రెండవ చేతితో సాధన సాగించుటకు ఆధారమిదియే.

యుక్తవయస్సు రాని పిల్లలకు బలము చాలవరకు ఈ నాడీశిక్షణచేతనే కలుగును. వారికి ముందుగా కర్రతోనో, ప్లేట్లులేని రాడ్డుతోనో కూర్చుండుట, లేచుట, రాడ్డును ఒంటికి దగ్గరగా పైకి తెచ్చుట పలుమారు నేర్పవలెను. అలసిన పిల్లవానిచే ఇంకను ఎత్తించిన యెడల నాడులు తప్పు కదలికనే నేర్చుకొనును. కుదిరిన తప్పును మాన్పుట కష్టము. నడుమునకు, మోకాళ్లకు గాయమగు ప్రమాదమును కలదు. నేర్చినది నిలుచుటకు నిద్రయు అవసరమే. నాలుగు గంటలకే లేపి పరుగెత్తించుట క్రమశిక్షణయని మురియు పెద్దలు, ఆ పిల్లలు రాత్రి ఎన్నింటికి పరుండిరో కూడ విచారించుట మంచిది.

కావున పంచాయతీ వెచ్చించు ధనములో మొదటి వాటా శిక్షకునిది. చదునైన నేల, చెక్కవేదిక, కొన్ని కర్రలు, ఒకటి రెండు రాడ్లు, తప్పని వేళ ఉన్నచో ఆరంభింపవచ్చును. ప్రారంభోత్సవమునాటి ఛాయాచిత్రమునకు భారీ ప్లేట్లు శోభనిచ్చునుగాని, శిక్షకుడు లేనిచోట అవి పెద్దల పందెములకే పనికివచ్చును. పిల్లవాడెంత బరువెత్తెననుటతోబాటు, ఎన్నిమారులు సరిగా ఎత్తెననుటయు శిక్షకుడు పుస్తకమున వ్రాయవలెను. సభ్యులు తాలింఖానాకు వెళ్లినపుడు ఆ పుస్తకమును అడిగి చూడవచ్చును.