రోడ్డు దిగి బల్లెక్కిన లారీ

డ్రైవరు కిందే ఇంజను ఉండే ముక్కులేని లారీలు మనకు తెలిసినవే. అమెరికాలో వాటిని పెంచింది చట్టమే, తుంచిందీ చట్టమే! బండి, ట్రైలరు కలిపి ఇంత పొడవు దాటరాదని అక్కడి రాష్ట్రాలు ఆంక్షలు పెట్టాయి. ముక్కు తగ్గిస్తే సరుకుకు చోటు దక్కేది. 1982లో వచ్చిన కేంద్ర చట్టం ప్రధాన రహదారులపై మొత్తం పొడవు లెక్క తీసేసింది. దాంతో ముక్కు లారీలదే రాజ్యమైంది.

పాత బళ్ళు ఇప్పుడు ప్లాస్టిక్ కిట్లలో బతుకుతున్నాయి. ఏఎంటి పేరుతో కెన్‌వర్త్, పీటర్‌బిల్ట్, జీఎంసీ ఆస్ట్రో నమూనాలు వచ్చాయి. 25 అడుగుల బండి ఇక్కడ ఒక్క అడుగే.

ముందు చట్రం, తర్వాత ఇరుసులు, ఇంజను, చివర క్యాబిన్. అది ముందుకు వాలితేనే ఇంజను కనిపిస్తుంది. అసలు బండిలోనూ మెకానిక్కుకు దారి అదే. ఒక్క గొట్టం పక్కకు అతికినా క్యాబిన్ సరిగా కూర్చోదు. అందుకే అనుభవజ్ఞులు జిగురు పూయకముందే ముక్కలు అమర్చి చూసుకుంటారు.